దెయ్యం కథల సినిమా: ఏ ముక్క చూడాలి, ఏ ముక్క దాటెయ్యాలి

2020 జనవరి 1న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన హిందీ సినిమా ‘ఘోస్ట్ స్టోరీస్’ చూసినవాళ్లలో చాలామందిది ఒకటే మాట: నలుగురు పేరున్న దర్శకులు, నాలుగు కథలు, తీరా చూస్తే నిలబడింది ఒక్కటే. ఆ మాట నిజమే. కానీ అందుకని ‘అసలు చూడక్కర్లేదు’ అనెయ్యడం తొందరపాటు. కథల సంపుటి కొన్నవాడు అందులో రెండు కథలు చప్పగా ఉన్నాయని పుస్తకం పారెయ్యడు. విషయసూచిక చూసి మంచిదనిపించింది ముందు చదువుతాడు, నచ్చనిది నాలుగో పేజీలో వదిలేస్తాడు. కథల కోసమే ఒక గ్రంథాలయం, కథానిలయం, వెలిసిన శ్రీకాకుళంలో ఇది ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. థియేటర్లో ఆ వీలు లేదు, ఇంట్లో రిమోట్ చేతిలో ఉంటే ఉంది. అయితే ప్రతి ఆంథాలజీనీ, అంటే కొన్ని చిన్న కథలు కలిపి తీసిన ప్రతి సినిమానీ, ఇలా తెంపుకుని చూడలేం. తెంపకూడనిదాన్ని తెంపితే ఉన్న కాస్త భయమూ పోతుంది. కాబట్టి ఏది బావుంది, ఏది బాగోలేదు అన్న ప్రశ్నకంటే ముందు, ఈ సినిమా ఏ కట్టుబడిది, అంటే కథల్ని ఎలా పేర్చారు, అన్నది తేల్చుకోవాలి.

మూడు కట్టుబడులు

మొదటిది విడికథల సంపుటి. ఒక కథ అయిపోతుంది, ఇంకోటి మొదలవుతుంది, రెంటికీ సంబంధం లేదు. ‘ఘోస్ట్ స్టోరీస్’ ఇదే. ఇందులో వరస మార్చుకోవచ్చు, ఒకటి వదిలెయ్యొచ్చు, ఇవాళ రెండు రేపు రెండు చూడొచ్చు.

రెండోది మజిలీ కథ. కాశీ దారిలో మజిలీ మజిలీకీ ఒక కథ చెప్పినట్టు, బేతాళుడు విక్రమార్కుడి భుజమ్మీద ఉండి కథ చెప్పి ప్రశ్న అడిగినట్టు, పైన ఒక పెద్ద కథ నడుస్తూ లోపల చిన్న కథలు వస్తుంటాయి. మన జముకుల కథలో వంత పాడేవాళ్లు అందుకోకపోతే కథ చెప్పేవాడి గొంతు తేలిపోతుంది కదా, సినిమాలో ఆ వంత పనే పైకథది. చిన్న కథల్లో ఒకటి నీరసంగా ఉన్నా పైకథ లాక్కుపోతుంది. పైకథే నీరసపడితే మాత్రం లోపలి కథలు ఎంత మంచివైనా రైలు దిగిన సామాన్లలా విడివిడిగా పడుంటాయి. ఈ రకంలో ఏదీ దాటెయ్యకూడదు. ఆపాలంటే కథకీ కథకీ మధ్య ఆపండి.

మూడోది జడ కథ, పాయలు ఒకదాంట్లో ఒకటి అల్లుకున్నది. ‘ట్రిక్ ఆర్ ట్రీట్’ (2007) ఇందుకు మంచి ఉదాహరణ. ఒకే ఊరు, ఒకే హాలోవీన్ రాత్రి. ఒక కథలో వీధిలో నడిచిపోయే మనిషి ఇంకో కథలో ముఖ్యుడవుతాడు, కాలం ముందుకూ వెనక్కూ జరుగుతుంది. దీన్ని ఫోన్ చూసుకుంటూ చూస్తే ఏమీ అర్థం కాదు. చూస్తే ఏకబిగిన చూడాలి, లేకపోతే మానెయ్యాలి.

ఏ రకమో మొదటి అయిదు నిమిషాల్లోనే తెలుస్తుంది. నలుగురు ఒకచోట చేరి కథలు చెప్పుకోవడం మొదలెట్టినా, ఎవరో ఒకాయన కెమెరా వైపు తిరిగి మనతో మాట్లాడినా అది మజిలీ. ఏ పైకథా లేకుండా నేరుగా కథలో దిగిపోతే సంపుటి. ఒక కథలో వెనకగా వెళ్లిన వేషం ఇంకో కథలో మళ్లీ కనబడితే జడ.

‘ఘోస్ట్ స్టోరీస్’: వరస తిరగెయ్యండి

నిడివి సుమారు 2 గంటల 24 నిమిషాలు. తెర మీద వరస జోయా అఖ్తర్, అనురాగ్ కశ్యప్, దిబాకర్ బెనర్జీ, కరణ్ జోహార్. ఈ నలుగురే ‘బాంబే టాకీస్’ (2013), ‘లస్ట్ స్టోరీస్’ (2018) కూడా చేశారు. ఆ రెంటిలో పనికొచ్చిన నేర్పు వేరు, దెయ్యం కథకి కావలసిన నేర్పు వేరు. ప్రేమ, ఆశ, సిగ్గు లాంటివి మాటల్లోనూ మొహాల్లోనూ నడుస్తాయి. భయం నడిచేది కొలతల్లో. తలుపు ఎంతసేపు మూసి ఉంది, చప్పుడు ఎన్నోసారి వచ్చింది, మనకి తెలిసిన సంగతి పాత్రకి ఎప్పుడు తెలుస్తుంది అన్న లెక్కలే అక్కడ పనిచేస్తాయి.

చూడాల్సిన వరస ఇది: మూడోది ముందు, ఆ తరవాత ఒకటోది, ఓపికుంటే రెండోది. నాలుగోది వేరే సంగతి.

దిబాకర్ కథలో పనిమీద ఒక పల్లెకి వచ్చినవాడికి ఊరంతా ఖాళీగా కనబడుతుంది. మిగిలింది ఇద్దరు పిల్లలే. పక్కనున్న పెద్ద ఊరివాళ్లు ఈ చిన్న ఊరివాళ్లని తినేశారు. ఆ పిల్లలు బతకడానికి కొన్ని నియమాలు పట్టుకున్నారు, అవి వచ్చినవాడికి చెబుతారు. అక్కణ్నించి మన ధ్యాసంతా ఆ నియమాల మీదే ఉంటుంది: ఎవరు తప్పుతారు, ఎప్పుడు తప్పుతారు? దెయ్యం కథకి ఇంతకన్న గట్టి యంత్రం లేదు. ముందు నియమం చెప్పాలి, తరవాత దాన్ని పరీక్షకు పెట్టాలి, ఆ తరవాత మనిషి చేత తప్పు చేయించాలి. ఇందులో రాజకీయ అర్థం గట్టిగానే ఉంది, చిన్న ఊళ్లని పెద్ద ఊళ్లు మింగడం అన్నది పైకే కనిపిస్తుంది. కానీ అది పట్టించుకోనివాడికీ కథ భయం వేస్తుంది, మిగిలిన మూడింటికీ దీనికీ తేడా అదే. చివర ముడి విప్పే తీరు అందరికీ రుచించకపోవచ్చు. ఫరవాలేదు, అప్పటికే మన పైసలు వసూలు.

జోయా కథలో మంచాన పడ్డ ముసలావిడ, ఆవిణ్ణి చూసుకోవడానికి వచ్చిన నర్సు, ఒక పాత ఫ్లాట్. కొడుకు ఇంట్లోనే ఉన్నాడని ఆవిడ మాటిమాటికీ అంటుంది. ముసలావిడగా వేసింది సురేఖా సీక్రీ, మూడుసార్లు జాతీయ అవార్డు అందుకున్న నటి. ఆవిడ మంచం మీంచి కదలకుండానే గది మొత్తాన్ని పట్టుకుంటుంది. ఇక్కడి లోపం ఒక్కటే, చివరి మలుపు చాలా ముందే తెలిసిపోతుంది. తెలిసిపోయాక మిగిలేది ఎదురుచూపు, ఉత్కంఠ కాదు. నటన కోసం చూడండి, మలుపు కోసం కాదు.

అనురాగ్ కథలో తెనాలిలో పుట్టి విశాఖలో పెరిగిన శోభిత ధూళిపాళ గర్భిణిగా వేసింది. రంగులు తీసేసినట్టుండే బొమ్మ, పక్షులు, గుడ్లు, అసూయతో రగిలే ఒక చిన్న పిల్లాడు. సరంజామా అంతా ఉంది. ఏది నిజం, ఏది ఆమె ఊహ అన్న అనుమానం మాత్రం మొదట్లోనే పుట్టించేశారు. ముందు మామూలు రోజొకటి చూపిస్తేనే కదా, అది చెడిపోయినప్పుడు మనకి గుండె జారేది. ఇంకో మాట గట్టిగా చెప్పాలి: కడుపుతో ఉన్నవాళ్లు, గర్భం పోయిన బాధ పడ్డవాళ్లు ఇంట్లో ఉంటే ఈ కథ పెట్టకండి. ‘ఏం కాదులే’ అని పెట్టేసి, మధ్యలో ఆపడం ఇంకా ఇబ్బంది.

ఇక కరణ్ జోహార్ కథ. కొత్తగా పెళ్లైన జంట, గొప్ప ఇల్లు. మొదటిరాత్రి పెళ్లికొడుకు నాన్నమ్మకి గుడ్‌నైట్ చెబుతాడు. ఆ నాన్నమ్మ ఎప్పుడో పోయింది. రాతలో భయంగానే ఉండాల్సిన సన్నివేశమిది. కానీ గది నిండా మెరుపు, పాత్రలది ఫ్యాషన్ పత్రికలోంచి దిగొచ్చినట్టుండే ముస్తాబు, మాటలకి తుంటరి ఊపు. దాంతో ఆ ‘గుడ్‌నైట్’ దగ్గర మన ఇళ్లలో వచ్చేది నవ్వే. వదినా మరదళ్లు నలుగురు కూర్చుంటే ఇది మంచి కాలక్షేపం. భయం కావాలనుకునేవాడికి మాత్రం అరగంట దండగ.

మూడో కథ ఎక్కడ మొదలవుతుందో వెతకడం పెద్ద పనేం కాదు. కింది గీతని సగం దాకా లాగండి, చిన్న బొమ్మల్లో ఫ్లాటూ గర్భిణీ పోయి పాడుబడ్డ పల్లె కనబడేచోట ఆగండి.

కథలు ఎందుకు ఎగుడుదిగుడవుతాయి

దర్శకుల ప్రతిభ తగ్గడం వల్ల కంటే నిమిషాల లెక్క తప్పడం వల్ల పాడైన కథలే ఎక్కువ. ఒక్క తురుపుముక్క మీద నిలబడే కథ, అంటే చివర్లో ఒక్క మలుపు తప్ప ఇంకేం లేనిది, పది పదిహేను నిమిషాలు దాటితే తట్టుకోదు. అరగంట కథకి మధ్యలో ఇంకో మలుపు కావాలి, మొదటి అనుమానాన్ని తప్పని తేల్చేది. నలభై నిమిషాలంటే ఇద్దరు మనుషులుండి ఇద్దరికీ పోయేదేదో ఉండాలి. నలుగురు దర్శకులకీ సమానంగా కాలం పంచినప్పుడు పదిహేను నిమిషాల సరుకున్నవాడు నీళ్లు కలుపుతాడు, గంట సరుకున్నవాడు కుక్కుతాడు. ‘ఘోస్ట్ స్టోరీస్’లో జోయా కథ నీళ్లు కలిపిన రకం, అనురాగ్‌ది కుక్కిన రకం.

రెండో కారణం, ఒకరి కథ ఇంకొకరికి పట్టకపోవడం. ‘ది ఏబీసీస్ ఆఫ్ డెత్’ (2012) అని ఒకటుంది, ఇంగ్లీషు అక్షరాలు 26, కథలు 26, అక్షరానికో కథ. అక్షరం ఒక్కటే దారం. అంత పలచటి దారానికి అన్ని పూసలు గుచ్చితే ఏమవుతుందో అదే అయింది. పళ్లెం నిండా వడ్డించి ఏదీ కడుపు నిండా పెట్టని విందు.

నీరసంగా కనబడే ప్రతి కథా తప్పు కాదు, ఇదీ గుర్తుంచుకోవాలి. బ్రిటిష్ సినిమా ‘డెడ్ ఆఫ్ నైట్’ (1945)లో గోల్ఫ్ ఆడేవాళ్ల మీద ఒక హాస్య కథ ఉంది. దెయ్యం సినిమాలో ఈ వెకిలి ఏంటని విసుక్కున్నవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. కానీ దాని వెంటనే వచ్చేది మాట్లాడే బొమ్మ కథ. పెదవి కదపకుండా బొమ్మ చేత మాట్లాడించే వెంట్రిలోక్విస్టుగా మైకేల్ రెడ్‌గ్రేవ్ వేసిన ఆ కథ సినిమా మొత్తానికి శిఖరం. మధ్యలో ఊపిరి పీల్చుకోనిచ్చింది గోల్ఫ్ కథే. అమెరికాలో విడుదల చేసినప్పుడు దాన్నీ క్రిస్మస్ విందు కథనీ కోసేశారు. అయితే ఆ సినిమా మజిలీ కట్టుబడి. ఒక ఆర్కిటెక్టు ఒక ఇంటికి వస్తాడు, అక్కడున్నవాళ్లందర్నీ తను ముందే కలలో చూశానంటాడు. చివర్లో ఆ కథలన్నీ కలిసి ఒక సుడిలా తిరుగుతాయి. రెండు కథలు తీసేసరికి ఆ చివరి సుడిలో వచ్చిందేమిటో అక్కడి ప్రేక్షకుడికి బోధపడలేదు.

అందుకే నిడివి చూసుకోకుండా పాత సినిమా మొదలెట్టకండి. ‘డెడ్ ఆఫ్ నైట్’ వంద నిమిషాలు దాటాలి, ఎనభై లోపు ఉంటే కోసిన ప్రతి. జపాన్ సినిమా ‘క్వైదాన్’ 183 నిమిషాలు, నాలుగు కథలు. మూడే కథలుంటే మంచు స్త్రీ కథ తీసేశారన్నమాట. సత్యజిత్ రాయ్ ‘తీన్ కన్యా’ (1961)కీ ఇదే జరిగింది. మూడు కథల్లో దెయ్యం కథ ‘మొనిహారా’నే విదేశీ ప్రతిలోంచి తీసేసి ‘టూ డాటర్స్’ అని పేరు పెట్టారు. దెయ్యం కోసం ఆ సినిమా తెచ్చుకున్నవాడికి దెయ్యమే లేని ప్రతి చేతికొచ్చే ప్రమాదముంది. మారియో బావా ‘బ్లాక్ సబ్బత్’ (1963)కి ఇటలీ ప్రతిలో ఒక వరస, అమెరికా ప్రతిలో ఒక వరస. నీటిచుక్క కథ ఇటలీ ప్రతిలో చివర వస్తుంది, చూడాల్సింది అదే.

‘ట్వైలైట్ జోన్: ది మూవీ’ (1983) సంగతి వేరు. మొదటి కథ అర్ధంతరంగా ఆగినట్టుంటుంది. దానికి కారణం ఉంది. 1982 జులై 23న ఆ కథ తీస్తుండగా హెలికాప్టర్ కూలి నటుడు విక్ మారో, ఇద్దరు పిల్లలు చనిపోయారు. అతను పిల్లల్ని కాపాడే ముగింపు సినిమాలో లేకుండా పోయింది. అది తెలిశాక ఆ కథని బాగుందీ బాగోలేదూ అని తూచబుద్ధి కాదు. రెండోది స్పీల్‌బర్గ్‌ది, మెత్తగా, తియ్యగా, మొత్తంలో అన్నిటికన్న పలచన. బలమంతా చివరి రెండింటిలో ఉంది: జో డాంటే తీసిన శక్తులున్న పిల్లాడి కథ, జార్జ్ మిల్లర్ తీసిన విమానం కథ. టైములేనివాళ్లు నేరుగా మూడో కథకి వెళ్లిపోండి, ఇక్కడ కథలు విడివిడివే.

ఎవరితో కూర్చుని చూస్తారు

దసరా వెళ్లాక వచ్చే మంగళవారం విజయనగరంలో సిరిమాను, అంటే పైడితల్లి అమ్మవారి జాతర. ముందురోజు సోమవారం తొలేళ్లు. ఆ రాత్రి ఊళ్లో ఏ ఇల్లు చూసినా చుట్టాలే, పిల్లలు పడుకోరు, పెద్దలు గుడికి వెళ్తూ వస్తూ ఉంటారు. ఇలాంటి రాత్రికి సినిమా ఎంచుకోవడంలో అసలు చిక్కు దెయ్యం కాదు, మధ్యలో వచ్చినవాడు. వీధిలోంచి వచ్చి కూర్చున్న మావయ్య ‘ఇప్పటిదాకా ఏటైందిరా?’ అనగానే పావుగంట కథ మళ్లీ చెప్పాలి. చెప్పేలోపు తెరమీద జరగాల్సింది జరిగిపోతుంది. అందుకని జడ కథలు ఆ రాత్రికి పనికిరావు.

ఆ రాత్రికి సరిపోయేది ‘డర్నా మనా హై’ (2003). రాంగోపాల్ వర్మ నిర్మాణం, ప్రవాల్ రామన్ దర్శకత్వం. మజిలీ కట్టుబడే గానీ పైకథ ఒక్క ముక్కలో చెప్పెయ్యొచ్చు: కారు చెడిపోయి అడవిలో చిక్కుకున్న స్నేహితులు కథలు చెప్పుకుంటున్నారు, ఒక్కొక్కరే మాయమవుతున్నారు. ఎప్పుడొచ్చినవాడికైనా అది చాలు. లోపల ఆరు కథలు, అన్నీ పొట్టివే. తురుపుముక్క కథకి తగిన కొలత ఇదే అని పైన చెప్పుకున్నాం కదా, ఈ సినిమా దాదాపుగా ఆ కొలత పాటించింది. సైఫ్ అలీఖాన్, బొమన్ ఇరానీల హోటల్ కథ ఆరింటిలోకీ బిగువైనది. సిగరెట్ అంటే పడని హోటల్ యజమాని ఎంతదాకా పోతాడో చూడాల్సిందే. రఘువీర్ యాదవ్ వేసిన మేష్టారి కథ చూస్తే హోంవర్కు దిద్దే టీచర్లు ఎవరైనా కాస్త కదులుతారు. శిల్పాశెట్టి యాపిల్ పళ్ల కథ సగం జోకు, సగం గగుర్పాటు, పిల్లలకి అన్నిటికన్న అదే గుర్తుంటుంది. నానా పాటేకర్, వివేక్ ఒబెరాయ్‌ల శ్మశానం కథ మాటల మీద నడుస్తుంది. హిందీ పట్టుకోలేనివాళ్లకి దాని రుచి సగమే.

దాని తరవాత వచ్చిన ‘డర్నా జరూరీ హై’ (2006) దర్శకులు ఎక్కువై పలచబడింది. మన జేడీ చక్రవర్తి కూడా అందులో ఒక దర్శకుడు. అమితాబ్ బచ్చన్, రితేష్ దేశ్‌ముఖ్‌లతో వర్మ తీసిన కథ, మొదట్లో మనోజ్ పహ్వా రాత్రి ఆటకి వెళ్లే కథ, ఈ రెండూ చాలు.

భాష సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. మామూలు సినిమాలో పాత్రలు పావుగంటలో అలవాటైపోతాయి. కథల సినిమాలో ప్రతి అరగంటకీ కొత్త మొహాలు, కొత్త పేర్లు, మళ్లీ మొదటి నుంచి సబ్‌టైటిళ్లు. నాన్నమ్మ పక్కన కూర్చున్న మనవడు ప్రతి మాటా చెవిలో చెప్పుకుంటూ పోవాలి. సరిగ్గా నిశ్శబ్దం కావలసిన క్షణంలో ‘ఏటంటన్నాడ్రా?’ అని వినబడుతుంది. అలాంటి గదికి మాటలు తక్కువ, బొమ్మ ఎక్కువ ఉన్న కథ కావాలి. ఆ లెక్కన ‘క్వైదాన్’ అందరూ అనుకునేంత కష్టమైన సినిమా కాదు.

మసాకీ కొబయాషి తీసిన ఆ సినిమాకి 1965లో కాన్ చిత్రోత్సవంలో ప్రత్యేక జ్యూరీ బహుమతి వచ్చింది. పెద్ద షెడ్డులో సెట్లు వేసి, ఆకాశం కూడా చేత్తో రంగులద్దిన గుడ్డ మీదే చూపించారు. మంచు స్త్రీ కథలో ఆ ఆకాశంలో ఒక కన్ను ఉంటుంది, మొదట మబ్బనుకుంటాం. మూడో కథ హోయిచిది. అతను గుడ్డివాడు, వీణలాంటి వాయిద్యం మీద పాత యుద్ధగాథ పాడతాడు. ఆ యుద్ధంలో చచ్చినవాళ్లే రాత్రిళ్లు పిలిపించుకుని పాడించుకుంటున్నారని తెలిసి, గుడి పూజారులు అతని ఒళ్లంతా మంత్రాలు రాస్తారు. తల, మెడ, అరచేతులు, అన్నీ. కుంచె చర్మం మీద కదలడం కెమెరా తొందర లేకుండా చూపిస్తుంది. ఎక్కడో రాయడం మర్చిపోతారు. ఆ మర్చిపోయిన చోటు మనకి ముందే కనబడినా, అరిచి చెప్పలేం. ఒక్క సబ్‌టైటిల్ లేకుండా అర్థమయ్యే భయం ఇది. దీన్ని రెండు రాత్రులు చెయ్యండి. మొదటి రాత్రి నల్లజుట్టు, మంచు స్త్రీ. రెండో రాత్రి హోయిచి, టీకప్పు. నాలుగోది పొట్టిది, కావాలనే అర్ధంతరంగా వదిలేసింది. అలసిపోయి చూస్తే మోసపోయినట్టుంటుంది కాబట్టి హోయిచి తరవాత పది నిమిషాలు ఆగి, లేచి తిరిగి, అప్పుడు పెట్టండి.

ఒంటరిగా చూసేవాళ్లకి ‘డెడ్ ఆఫ్ నైట్’కి మించింది లేదు. అందులో రాబర్ట్ హామర్ తీసిన అద్దం కథ ఉంది. పెళ్లాడబోయే అబ్బాయికి ఒక అమ్మాయి పాత అద్దం కానుకిస్తుంది, అతనికి అందులో తన గది బదులు వేరే గది కనబడుతుంది. నెత్తురు చుక్క లేదు, అరుపు లేదు. చూశాక ఆ రాత్రి బీరువా అద్దం ముందు తల దువ్వుకోబుద్ధి కాదు.

గది, టీవీ, కరెంటు

దెయ్యం సినిమా బాగోలేదన్న తిట్లలో కొన్ని నిజానికి టీవీవి. షోరూములో మెరవడానికి పెట్టిన ‘వివిడ్’ మోడ్‌లో చీకటి బూడిదరంగులోకి తేలుతుంది. సెట్టింగుల్లో ‘సినిమా’ లేదా ‘మూవీ’ మోడ్ పెట్టండి. కదలికని నున్నగా చేసే సెట్టింగు ఒకటుంటుంది, కంపెనీకో పేరు, అది తీసెయ్యకపోతే 1945 నాటి సినిమా కూడా సీరియల్‌లా కనబడుతుంది. ట్యూబులైటు ఆపి, టీవీ వెనక జీరో బల్బు ఒకటి వెలిగించండి. పూర్తి చీకటికంటే అదే మేలు, కళ్లు లాగవు, తెరమీద ప్రతిబింబమూ పడదు.

ఫ్యాను అయిదు మీద తిరుగుతుంటే దెయ్యం సినిమాలో సన్నటి చప్పుళ్లు సగం పోతాయి. రెండు మీదకి తగ్గించండి. వాల్యూము మాటలకి సరిపడా పెడితే, ఉలిక్కిపడే చోట ఇల్లు అదురుతుంది, ఎందుకంటే ఈ సినిమాల్లో రెంటికీ తేడా కావాలనే ఎక్కువ ఉంచుతారు. పక్కగదిలో చంటిపిల్ల నిద్రపోతుంటే టీవీలో ‘నైట్ మోడ్’ లాంటిది ఉంటే పెట్టుకోండి. చంటిపిల్ల లేకపోతే వద్దు, ఆ మోడ్ భయాన్ని కూడా చదును చేసేస్తుంది.

నెట్ తక్కువైతే చీకటి దృశ్యాలు గళ్లు గళ్లుగా విరుగుతాయి. వెలుగు దృశ్యాల్లో అంత తెలియదు, చీకట్లో దాచలేదు. నెట్‌ఫ్లిక్స్ లెక్క ప్రకారం హెచ్‌డీకి గంటకి 3 జీబీ దాకా, మామూలు నాణ్యతకి 1 జీబీ దాకా పోతుంది. అంటే ‘ఘోస్ట్ స్టోరీస్’ మొత్తం హెచ్‌డీలో 7 జీబీ, మేం చెప్పినట్టు మూడోదీ ఒకటోదీ మాత్రమే అయితే 4 జీబీ లోపు. రోజుకి 2 జీబీ ప్యాక్ ఉన్న ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆధారపడితే కథ మధ్యలోనే చక్రం తిరుగుతుంది. మొబైల్ ప్లాన్ తీసుకున్నవాళ్లకి టీవీలో అసలు పడదు, అదీ ముందే చూసుకోండి.

అక్టోబరంటే మనకి పండగా తుఫానూ రెండూ ఒకేసారి. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న. వాన పట్టేలా ఉంటే మధ్యాహ్నమే ఫోన్లో దించుకుని ఉంచుకోండి, టవర్ కూడా పోతుంది. మామూలు కరెంటు కోతకైతే ఇన్వర్టర్ చాలు. 150 ఏహెచ్ బ్యాటరీ మీద 43 అంగుళాల టీవీ, ఒక ఫ్యాను, వైఫై రూటరు కలిపి 180 వాట్లు అనుకుంటే, కొత్త బ్యాటరీ కనీసం నాలుగైదు గంటలు లాగుతుంది. ‘క్వైదాన్’ అంతా అందులో అయిపోతుంది. మూడేళ్లు దాటిన బ్యాటరీ అయితే సగం లెక్కేసుకుని, ఒక రాత్రికి రెండు కథలతో ఆపండి.

మధ్యలో ఎప్పుడు ఆపాలి

విడికథల సంపుటిలో ప్రతి కథకీ ఏడు నిమిషాలివ్వండి. ఆలోపు మూడు సంగతులు తెలియాలి: ఈ మనిషికి ఏం కావాలి, ఈ చోట ఏది మామూలు, ఏది తేడాగా ఉంది. మూడిట్లో రెండు తెలియకపోతే తరవాతి కథకి వెళ్లండి, తరవాత తీరికగా కూడా తెలియదు. ఏడు నిమిషాల్లో రెండుసార్లు కలలోంచి ఉలిక్కిపడి లేస్తే అప్పుడూ అంతే, ఆ దర్శకుడి దగ్గర వేరే సరుకు లేదు. మజిలీ కథల్లో ఈ లెక్క పనిచెయ్యదు. అక్కడ చూడాల్సింది పైకథలో మనిషి ఒక్కో కథ విన్నాక మారుతున్నాడా లేదా అని. రెండు కథలయ్యాక కూడా అదే మొహంతో కూర్చుంటే పైకథ ఉత్తి అతుకు, ఇక దాన్ని సంపుటిలా తెంపుకుని చూసినా పాపం లేదు.

‘వీహెచ్‌ఎస్ 2’ (2013) సరిగ్గా అలాంటిదే. పాడుబడ్డ ఇంట్లో దొరికిన టేపులు చూడటమే పైకథ, అది లేకపోయినా నష్టం లేదు. ఎచ్చెర్ల హాస్టల్ గదిలో పదిమంది ఒక ల్యాప్‌టాప్ చుట్టూ మూగి చూడ్డానికి ఇదే సరైనది. నెత్తురు, కేకలు, పరుగులు, ఇంట్లో పెద్దల ముందు పెట్టేది కాదు. ఇందులో మూడో కథ ‘సేఫ్ హేవెన్’ గారెత్ ఎవాన్స్, టిమో చాహ్యాంతో అనే ఇద్దరు దర్శకులు కలిసి తీసింది. ఇండొనేషియాలో ఒక మతగురువు ఆశ్రమంలోకి కెమెరాలతో వెళ్లినవాళ్ల కథ. మొదటి సగం మామూలు ఇంటర్వ్యూలా నడిచి, తరవాత ఊపిరి తీసుకోనివ్వదు. చిక్కల్లా దాని వెనకే గ్రహాంతరవాసుల కథ పెట్టారు, అది తేలిపోతుంది. కాబట్టి నాలుగోది ముందు చూసేసి, ‘సేఫ్ హేవెన్’ ఆఖరున పెట్టండి. అది అయ్యాక ఇంకే కథా ఆనదు.